బేయా పేరున ఏడు పాటలు

"ఇంకోసారి చదివించు."

హమ్మాదీ గొంతు పెంచలేదు. పెంచకపోవడం చూసే ఉల్ఫాకు భయమేసింది.

"నాన్నా, ముందు తిందాం. కుస్‌కుస్ చల్లారిపోతోంది."

"చదివించమన్నాను."

ఉల్ఫా కదల్లేదు. ఆయనే చేయి చాచి, బల్ల మీద తడుముకుని, ట్యాబ్ మీద వేలు పెట్టాడు. చూపు మసకబారిన తండ్రి కోసం ఉల్ఫానే దానికి ఆ ఏర్పాటు చేసింది. ఏ అక్షరాల మీద వేలు పడితే వాటిని అది పైకి చదువుతుంది. చదివింది. కోపమూ ప్రేమా లేని ఆడగొంతు.

"రేవు దీపం. గానం, హమ్మాదీ ఫెంద్రీ బృందం. బాణీ, బేయా."

బల్ల చుట్టూ ఉన్న నలుగురిలో ఎవరూ చెంచా ఎత్తలేదు.

ఈ శుక్రవారం భోజనానికి తన అక్క సాల్హానూ, బృందంలో ముప్ఫై ఏళ్లు వయొలిన్ వాయించిన షాద్లీనీ పిలిచింది హమ్మాదీనే. బీరువా నిండా ఉన్న సీడీలు ఇప్పుడు వేలి కొసన ఉన్నాయని, ఏ పాట కావాలంటే ఆ పాట ఏ గదిలో కావాలంటే ఆ గదిలో మోగుతుందని వాళ్లకు చూపించి మురిసిపోదామనుకున్నాడు. మొదటి పాటకే ఇలా అయింది.

ముందుగా తేరుకున్నది సాల్హా.

"ఏ బేయా? ఈ స్ఫాక్స్ ఊళ్లో బాణీలు కట్టే బేయా ఎవరే ఉల్ఫా? మా తమ్ముడి పెళ్లాం పేరూ అదే అనుకో. కానీ ఆవిడ కట్టేవి ఎండుమిరపకాయల దండలు కదా!"

వంటింటి గుమ్మంలో చేపపులుసు గిన్నె పట్టుకుని నిలబడ్డ బేయా ఆ మాట విన్నది. గిన్నె దించలేదు. లోపలికీ రాలేదు.

"ఎవరు రాశారది?" అన్నాడు హమ్మాదీ.

"నేనే."

"ఎవరు చెబితే?"

ఉల్ఫా తల్లి వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"నేను చెబితే," అంది బేయా గుమ్మంలోంచి.

మూడు వారాలుగా మందుల షాపు నుంచి ఇంటికి రాగానే ఉల్ఫాకు ఇదే పని. మూడు వందల నలభై సీడీలు. ఒక్కొక్కటీ తుడిచి, డ్రైవులో పెట్టి, పాటలను కంప్యూటర్‌లోకి దింపి, మెట్ల కింద అమర్చిన చిన్న పెట్టెలోకి ఎక్కించింది. గీతలు పడినవాటిని రెండేసి మూడేసి సార్లు దింపింది. ఆ పెట్టెలోంచి పాట వైఫై మీదుగా హాల్లోకి, వంటింట్లోకి, మిద్దె మీదికి వెళ్తుంది. బజార్లో కొన్న సీడీల వివరాలన్నీ ఇంటర్నెట్టే వెతికి తెచ్చి నింపింది. హమ్మాదీ బృందం సొంత సీడీలు పదకొండింటి దగ్గరే అది చేతులెత్తేసింది. వాటి గురించి లోకంలో ఎవరూ ఏమీ రాయలేదు. పాట, గానం, బాణీ. అన్నీ ఖాళీ గడులు.

"సీడీ అట్ట మీద ఏముందో అది దించడానికి నీకేం రోగం?" అన్నాడు హమ్మాదీ.

"అట్ట మీద నీ పేరొక్కటే ఉంది నాన్నా. గడులు మూడున్నాయి. ఏ పాటకు బాణీ ఎవరిదని అమ్మను అడిగాను. నలభై ఒక్క పాటల్లో ఏడింటికి నా పేరు రాయి అంది."

"రాసేశావు."

"రాసేశాను."

"నన్నడగాలని తోచలేదా?"

"నువ్వు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లావు."

అది సాకు. ఆ సాయంత్రం అడగొచ్చు, మర్నాడు అడగొచ్చు. అడిగితే ఏమవుతుందో తెలిసే అడగలేదు. తండ్రికీ ఆ సంగతి అర్థమైందని ఆయన ముక్కుపుటాలు చూస్తే తెలుస్తోంది.

"గురువారం సంగీత మండలి వాళ్లు నన్ను వేదిక ఎక్కిస్తున్నారు. నా పాటల జాబితా అడిగారు. దీంట్లోంచి అచ్చు తీసి ఇస్తానని వాళ్లకు మాటిచ్చింది నువ్వే. ఇప్పుడు అక్కడ నిలబడి ఏం చెప్పమంటావు? అయ్యలారా, ఇన్నాళ్లూ నేను మీ పెళ్లిళ్లలో పాడింది మా ఆవిడ వంటింట్లో గొణిగిన గొణుగుడని చెప్పనా?"

బేయా లోపలికి వచ్చింది. గిన్నెను బల్ల మధ్యలో పెట్టింది. పులుసు తొణికి గుడ్డ మీద ఎర్రగా పడింది.

"గొణుగుడు కాదు."

"మరేమిటి?"

"రేవు దీపం నువ్వెప్పుడు కట్టావో చెప్పు హమ్మాదీ. ఏ ఏడాది, ఏ గదిలో? చెప్పు."

ఉల్ఫా ఉలిక్కిపడింది. తల్లి నోట ఎప్పుడూ గౌరవంగా 'సీ హమ్మాదీ' అనే మాట తప్ప వట్టి పేరు రాదు. బయటివాళ్ల ముందు అసలే రాదు. సాల్హా గుండె మీద చేయి వేసుకుంది.

"రెండు వరసలు!" హమ్మాదీ గొంతు ఇప్పుడు లేచింది. "రెండంటే రెండు వరసలు పాడి, పాటంతా నాదంటావా? దానికి నడక పెట్టిందెవరు? ఊద్ తీగల మీద ఎత్తుగడ కట్టిందెవరు? ఎముకలు కొరికే చలిలో పెళ్లి పందిళ్ల కింద గొంతు చించుకున్నదెవరు?"

"చించుకున్నావు. కాదన్నానా? గానం గడిలో నీ పేరే ఉంది. దాని జోలికి నేను పోలేదు."

"ఇన్నేళ్లు నోరెత్తనిదానివి, ఇవాళ..."

"ఎత్తాను. మొదటి క్యాసెట్ వచ్చినప్పుడే ఎత్తాను. ఆడదాని పేరు కనబడితే పెళ్లివాళ్లు బృందాన్ని పిలవరన్నావు. సరేనన్నాను. సీడీలు వచ్చినప్పుడు అడిగాను. అట్టలు అచ్చయిపోయాయి, మళ్లీసారి చూద్దాం అన్నావు. అలా పదకొండు అచ్చయిపోయాయి. ఇప్పుడు అట్టా లేదు, పెళ్లివాళ్లూ లేరు. ఒక గడి. అందులో రెండక్షరాలు పడితే నీ సొమ్మేం పోయింది?"

"పరువు పోయింది," అంది సాల్హా. "మా ఇంట్లో ఆడవాళ్లు బాణీలు కట్టరమ్మా. వినడానికే సిగ్గుగా ఉంది."

"ఈ ఏడూ మీ ఇంట్లో మగవాళ్లూ కట్టలేదు వదినా. గొడవంతా దాని గురించే."

షాద్లీకి పొలమారింది. నీళ్ల గ్లాసు కోసం చేయి చాచాడు. ఆ చప్పుడుకు హమ్మాదీ అటు తిరిగాడు.

"షాద్లీ, నువ్వు చెప్పు. మొదటి రోజు నుంచీ నా పక్కనే ఉన్నావు."

"తిండి ముందు కూర్చుని ఈ గొడవెందుకు అన్నయ్యా..."

"చెప్పమన్నాను!"

షాద్లీ గ్లాసు కింద పెట్టాడు. మెత్తని మనిషి. ఎవరిచేతా చెడ్డ అనిపించుకోకుండా డెబ్బై ఏళ్లు నెట్టుకొచ్చాడు. ఇవాళ తప్పించుకునే దారి కనబడలేదు.

"చెల్లెమ్మ కట్టిన పాటలు ఉన్నాయని మనవాళ్లందరికీ తెలుసు."

"అందరికీ?"

"దర్బూకా వాయించే ఖలీలుకు కూడా."

"తెలిసి నన్ను ముఖం ముందు ఉస్తాద్ అని పిలిచారా?"

"పిలవమన్నది నువ్వే కదా అన్నయ్యా."

హమ్మాదీ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. కుర్చీ పడిపోయింది. గోడ పట్టుకుని, అడుగు కొలుచుకుంటూ మెట్ల వైపు నడిచాడు. ఉల్ఫా పరుగున వెళ్లి మెట్ల కింద తలుపుకు అడ్డం నిలబడింది.

"తప్పుకో."

"ఏం చేస్తావు?"

"ఆ పెట్టె పీకి పారేస్తాను. నా పాటలు నా బీరువాలో ఉంటాయి. అట్టల్లో, వాటి మీదున్న పేరుతో."

"పారెయ్ నాన్నా! పారేసి రేపటి నుంచి ఏం వింటావు? నీ చేతులు వణికి డిస్కు పెట్టలేకపోతున్నావని, ఏది ఏ సీడీయో కనబడక నెల రోజులు మాట్లాడకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నావని కదా ఇదంతా చేశాను. మూడు వారాలు ఇంటికొచ్చి నడుం వాల్చలేదు. పెళ్లయిన నలభై నాలుగేళ్లుగా ఇంట్లో మీరిద్దరూ దాచుకున్న చెత్తంతా నా చేత ఎత్తించారు. పైగా నా మీద అరుపులు!"

కూతురు అలా అరవడం హమ్మాదీ ఎరగడు. కావాలనే నెమ్మదిగా అన్నాడు.

"సరే. పీకను. నా పేరు తీసెయ్. నలభై ఒక్కటికీ తీసెయ్. అన్నిటికీ మీ అమ్మ పేరు రాయి. గానం కూడా ఆవిడదే అని రాయి. గురువారం ఆవిడనే వేదిక ఎక్కించండి, దండ వేయండి, దండాలు పెట్టండి."

"నీ భిక్ష నాకొద్దు," అంది బేయా. "ముప్ఫై నాలుగు నీవి. ఏడు నావి. నీవి ఒక్కటి ఇచ్చినా తీసుకోను. నావి ఒక్కటీ వదలను."

"వదలవూ?"

"వదలను."

"అయితే వినిపించండి. ఏడూ వినిపించండి. షాద్లీ సాక్షి. అతను నీవి అంటే నీవే. ఒక్కటి తేడా వచ్చిందో, ఏడూ పోతాయి."

"వినిపించవే ఉల్ఫా," అంది బేయా.

ఉల్ఫా కుర్చీ లేపి తండ్రిని కూర్చోబెట్టింది. ట్యాబ్ మీద ఒక్కో పేరే తాకుతూ పోయింది.

'రేవు దీపం' హాల్లోని రెండు స్పీకర్లలోంచి వచ్చింది. పాతికేళ్ల కిందటి హమ్మాదీ గొంతు గదంతా నిండింది. ఆయన చెవి ఒగ్గి విని, చివరికి గడ్డం గోక్కుంటూ అన్నాడు: "నీదే."

రెండోది. "నీదే." మూడోదానికి షాద్లీ అవునన్నట్టు తల ఊపాడు. నాలుగోదాని దగ్గర గొడవైంది. మధ్యలో స్వరం మారే చోటు తనదని ఆయన బల్ల గుద్దాడు. ఆ చోటు నీదేనని ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు ఆయనకు ఇంకా కోపం వచ్చింది. ఐదు. ఆరు. ఎవరూ తినలేదు. సాల్హా మాత్రం కుస్‌కుస్‌లోంచి ఆక్టోపస్ ముక్కలు ఏరుకుంటూ, మధ్యమధ్య నిట్టూరుస్తూ ఉంది.

ఏడోది 'ఉప్పు ఇసుక'.

బృందం వేసిన చివరి సీడీలోది. ఆ సీడీ రికార్డు చేసేనాటికి షాద్లీ మణికట్టు విరిగి ఇంట్లో ఉన్నాడు. తన కోసం ఆగకుండా ఇంకో వయొలిన్ మనిషిని పెట్టుకున్నారని పంతం పట్టి, ఆ సీడీని అతను ఏనాడూ వినలేదు. ఆ కబురు ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ పాట పెళ్లిళ్లలో పాడేది కాదు, జోలపాట లాంటిది. ఊద్ ఒక్కటే, మెల్లగా. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడల్లా తల్లి తనకు పాడింది ఇదేనని ఉల్ఫా గుర్తుపట్టి, సీడీలు దింపే రోజుల్లో నాలుగైదు సార్లు విన్నది కూడా.

షాద్లీ వంచిన తల ఎత్తాడు.

మొదటి చరణం అయ్యేదాకా ఊరుకున్నాడు. తర్వాత చేయి అడ్డంగా ఊపాడు.

"ఆపమ్మా. ఆపు."

ఉల్ఫా ఆపింది.

"ఇది లతీఫాది," అన్నాడు షాద్లీ.

లతీఫా అతని భార్య. పోయి ఆరేళ్లయింది. మగవాళ్లు హాల్లో వాయించుకుంటుంటే ఆమె, బేయా వంటింట్లో ఒకే కత్తిపీట దగ్గర కూర్చునేవాళ్లు. వాళ్లిద్దరి నవ్వులకు తాళం తప్పుతోందని హమ్మాదీ తలుపు మూయించేవాడు.

"కాదు," అంది బేయా. చాలా తొందరగా అంది.

"ఎందుకు కాదు చెల్లెమ్మా? మా అమ్మాయి మునీరాను ఒళ్లో వేసుకుని రోజూ పాడేది. పిల్ల పుట్టిన నెలలోనే కట్టింది. పక్కనే పడుకుని విన్నవాణ్ణి నేను."

"తను పాడింది మొదటి రెండు వరసలే. దాన్ని పాటగా కట్టింది నేను."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవరి మాటో బేయాకు తెలిసిరాలేదు. తెలిసిన క్షణం ఆమె ముఖంలో నెత్తురు దిగిపోవడం ఉల్ఫా చూసింది.

హమ్మాదీ నవ్వాడు. కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట కదిలేలా నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం వీసమెత్తు లేదు.

"సాక్షిని నేనే పిలిచాను కదా! ఏడూ నావే అంటివి. ఒక్కటి వదలనంటివి. ఏమైంది ఇప్పుడు? మాట్లాడు!"

"మీరు నవ్వకండి."

"మళ్లీ 'మీరు' అయ్యానే!"

షాద్లీకి ఈ మాటలేవీ వినబడుతున్నట్టు లేదు. అతను బేయానే చూస్తున్నాడు.

"ఆ సీడీ వచ్చిన ఏడాదే లతీఫా ఈ ఇంటికి రావడం మానేసింది," అన్నాడు. "మోకాళ్ల నొప్పులంది. మార్కెట్టుకు నడిచి వెళ్లేది, ఇక్కడికి రావాలంటే మోకాళ్ల నొప్పులు. హమ్మాదీ ఏదో అన్నాడనుకున్నాను. అడిగితే చెప్పలేదు. నువ్వు చెప్పావు చెల్లెమ్మా. గుర్తుందా? అవును షాద్లన్నా, ఆయన నోరు మంచిది కాదు, ఏమనుకోకు అన్నావు."

హమ్మాదీ నవ్వు ఆగిపోయింది.

"ఏమన్నదీ?"

"రెండేళ్లు నీతో సరిగ్గా మాట్లాడలేదు నేను," అన్నాడు షాద్లీ అతని వైపు తిరక్కుండానే. "నువ్వు ఎన్నిసార్లు కబురు పెట్టినా రాలేదు. బృందం చెదిరిపోయింది అప్పుడే."

హమ్మాదీ రెండు చేతులూ బల్ల మీద ఆన్చి లేచాడు. ఈసారి కుర్చీ పడలేదు.

"నా మీద వేశావా? బృందం ఎందుకు విరిగిందో తెలియక నేను ఇన్నేళ్లు తల పట్టుకుంటే, పక్కన కూర్చుని ఓదార్చావు కదే! షాద్లీకి అసూయ, పోనీ వదిలెయ్ అన్నావు కదే! నేను నీ పేరు మింగాను, ఒప్పుకుంటాను. ఈ బల్ల ముందు, ఇందరి ముందు ఒప్పుకుంటున్నాను. నువ్వు నా స్నేహితుణ్ణే మింగావు."

బేయా బల్ల గుడ్డ మీది ఎర్రటి మరకను బొటనవేలితో రుద్దుతోంది. అది ఇంకా పెద్దదవుతోంది.

"అమ్మా," అంది ఉల్ఫా. "లతీఫా అత్తకు తెలుసా? సీడీలో ఆ పాట ఉందని."

బేయా మరక మీంచి వేలు తీసింది.

"తెలుసు. సీడీ పట్టుకుని వచ్చింది. వంటింట్లో నేను మిరపకాయలు నూరుతున్నాను. నా పేరు వేయించమని అడగను, మగవాళ్లు వేయరని నాకు తెలుసు, కానీ నువ్వైనా ఒక్కసారి నోటితో నీదని అనొచ్చు కదా అంది. నేను అప్పటికి మీ నాన్న మీద మండిపోతున్నాను. నావి ఆరు పోయాయి, నీది ఒక్కటి పోతే ఏడుస్తావేం అన్నాను. పాట కట్టడం నీకేం తెలుసు అని కూడా అన్నాను."

"తర్వాత?"

"కత్తిపీట కడిగి పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. జబ్బు పడ్డప్పుడు చూడటానికి వెళ్తే మునీరా తలుపు తీయలేదు. అమ్మ నిద్రపోతోందంది. రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ నిద్రపోతోందంది."

సాల్హా కూడా తినడం మానేసింది.

షాద్లీ లేచాడు. కోటు తీసుకుని, ఒక చేయి దూర్చి, రెండో చేయి దొరక్క తడబడుతుంటే ఉల్ఫా సాయం చేయబోయింది. అతను సున్నితంగా తప్పుకున్నాడు. మెత్తని మనిషి ముఖం ఇంత గట్టిగా మారగలదని ఉల్ఫా అనుకోలేదు.

"ఆ ఏడోదానికి నా పేరు తీసెయ్ ఉల్ఫా," అంది బేయా. "లతీఫా అని రాయి."

"నేను రాయను," అంది ఉల్ఫా.

"ఏం?"

"మొదటిసారి నువ్వు చెప్పావని రాశాను. ఇప్పుడూ నువ్వు చెప్పావని రాయాలా? ఆ పాట కట్టిన మనిషి ఇంటివాళ్లు బతికే ఉన్నారు. వాళ్ల ముందు చెప్పు. చెప్పాక రాస్తాను. అందాకా ఒక్క అక్షరం ముట్టను, నాన్నవీ ముట్టను, నీవీ ముట్టను."

ఆమె ట్యాబ్ తీసి చంకలో పెట్టుకుంది. ఇద్దరిలో ఎవరడిగినా ఇచ్చేలా లేదు.

బేయా తలగుడ్డ సరిచేసుకుంది. గుమ్మం వైపు నడుస్తున్న షాద్లీ వెనకే నాలుగడుగులు వేసింది.

"ఆగు షాద్లన్నా. నేనూ వస్తాను. మునీరాతో నేనే మాట్లాడతాను."

"గడప దాటావో!" అని హమ్మాదీ అరిచాడు. ఆ అరుపు ఎవరిని ఆపడానికో ఆయనకే తెలిసినట్టు లేదు.

బేయా వెనక్కి చూడలేదు. షాద్లీ చెప్పులు తొడుక్కుని, తలుపు మీద చేయి వేసి, అప్పుడు తిరిగాడు.

"వస్తే రా చెల్లెమ్మా. వద్దనను. కానీ మునీరా తలుపు తీస్తే మొదటి మాట ఏమంటావో అది ముందు నాకు చెప్పు. నేను విని, మా లతీఫాకు అది సరిపోతుందనుకుంటే తీసుకెళ్తాను."

బేయా నోరు తెరిచింది. ఏదో అనబోయి ఆగింది. మళ్లీ అనబోయింది.

షాద్లీ తలుపు తీసి పట్టుకునే ఉన్నాడు.